గొల్లపల్లిలో వీణకు గొంతు వచ్చే చోటు

బొబ్బిలి వీణ పేరు వినని తెలుగువాళ్లు అరుదు. అది తయారయ్యేది బొబ్బిలి కోటలో కాదు, ఆ పక్కనే ఉన్న గొల్లపల్లిలో. ఈ సంగతి తెలిసినవాళ్లు కాస్త తక్కువ. ఇక ఆ వీణకు కొలతలు ఎలా కుదురుతాయి, ఆ విద్య కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎలా అందుతుంది అంటే వీణ వాయించేవాళ్లలో కూడా చాలామంది ఆలోచనలో పడతారు. నాకు కావలసింది ఆ జవాబే. విశాఖపట్నం నుంచి విజయనగరం మీదుగా 110, 120 కిలోమీటర్ల దారి. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు ఉలి చప్పుడు వినిపించే చోట ఉండొచ్చు.

నేను వెళ్లిన పని చావడి పెద్దదేం కాదు. ఒక పక్క నీడలో పనసదుంగలు, ఇంకో పక్క కుండ సగం తొలిచి గోడకు ఆనించిన వీణలు. నేలంతా పసుప్పచ్చ చెక్కపేళ్లు. పనసచేవ కోసిన కొత్తలో ఇలా పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ ఎర్రబారి చివరికి ముదురు గోధుమరంగుకు వస్తుంది. పాత వీణల రంగులో సగం పాలిష్‌దైతే సగం వయసుది.

ఈ ఊళ్లో వీణలు చేసేవాళ్లలో సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్లే ఎక్కువ. బొబ్బిలి సంస్థానం ఏర్పడిన 17వ శతాబ్దంలోనే ఇక్కడ ఈ పని మొదలైందని చెప్పుకుంటారు. బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చింది. దాని ప్రత్యేకత ఏకాండి పని. కుండ, దండి వేర్వేరుగా చేసి అతకరు. ఒకే దుంగలోంచి తీస్తారు. మూతపలక, సొరకాయబుర్ర, బిరడాలు, మెట్లు తర్వాత వచ్చి చేరతాయి.

"ఏటి బాబూ, అంతసేపట్నుంచి సూత్తన్నారు. మీరు వాయిస్తారేటి?" అని అడిగాడు బాడిసతో కుండ తొలుస్తున్న పెద్దాయన.

"లేదు మేస్త్రీగారూ, ఎలా చేస్తారో తెలుసుకుందామని వచ్చాను."

"సూత్తే రాదు బాబూ. సేత్తో సెయ్యాల," అన్నాడు. అని ఊరుకోలేదు. తొలిచిన కుండ అంచు పట్టుకుని చూడమని నా చేతికిచ్చాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి అంచు చుట్టూ తిప్పితే మందం ఎక్కడ మారిందో వేళ్లకే తెలుస్తోంది. ఒకచోట కొంచెం దళసరిగా తగిలింది. ఆయన అక్కడే వేలి కణుపుతో కొట్టి చూపించాడు. మిగతా చోట్ల గుమ్మన్న కర్ర అక్కడ మాత్రం టక్కుమంది. "ఇక్కడింకో పూట పనుంది."

చెట్టును ఎంచుకోవడంతోనే రూపకల్పన మొదలైపోతుంది. లేత పనస పనికిరాదు. చేవ తేలిన ముదురు చెట్టే కావాలి. చేవ చుట్టూ ఉండే తెల్లకర్రను చెక్కి పారేస్తారు, లేకపోతే పురుగు పడుతుంది. పోగు దండి పొడవునా సాగాలి. ఏడు తీగల లాగుడును ఏళ్ల తరబడి భరించాల్సింది ఆ దండే. పోగు అడ్డంగా తిరిగిన చోట దండి మెల్లగా వంగుతుంది. దండి వంగితే మెట్లకూ తీగకూ మధ్య ఎడం మారి, ఏ విద్వాంసుడి చేతిలోనూ ఆ వీణ శ్రుతిలో నిలవదు. కర్ర పచ్చి ఆరకుండా తొందరపడ్డా ఇదే గతి. మొత్తం మీద ఒక వీణకు దాదాపు నెల పడుతుందని చెప్పారు.

కాగితం లేకుండా ఏ పనీ మొదలుపెట్టని ఊరు మా విశాఖ. ఉక్కు కర్మాగారంలో గానీ నౌకల రేవులో గానీ ఒక చిన్న ఇరుసు మార్చాలన్నా ముందు డ్రాయింగు రావాలి, దానిమీద మిల్లీమీటర్లు ఉండాలి. ఆ అలవాటుకొద్దీ వీణ డ్రాయింగు ఉందా అని అడిగాను. పొడవులు చూసుకోవడానికి గాట్లు పెట్టిన ఒక కర్ర, కుండ ఒంపు చూసుకోవడానికి ఒక అచ్చు చూపించారు. మందాలకు, ఒంపులకు, తీగ ఎత్తుకు రాత లేదు. కర్రను బట్టి అవి మారతాయి. బరువైన పనస అయితే మూతపలక ఇంకాస్త పల్చబడాలి, తేలికైనదైతే ఆపేయాలి. ఎక్కడ ఆపాలో చెప్పేది చెవి. ఇది చాదస్తం కాదు, చాలా కచ్చితమైన పద్ధతి. ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు కాబట్టి మిల్లీమీటర్లు స్థిరంగా పెట్టి నాదం మారనివ్వడం కంటే, నాదం స్థిరంగా పెట్టి మిల్లీమీటర్లు మార్చుకోవడమే సరైన దారి. కాకపోతే ఈ తెలివంతా కొద్దిమంది వేళ్లలో ఉంది. నాకు దిగులు పుట్టించింది ఇదొక్కటే.

ఆ రోజు నేను ఎక్కువసేపు కూర్చుండిపోయింది గుర్రం దగ్గర. కుండ మూత మీద తీగలను మోసే చిన్న చెక్కపీటే గుర్రం. దాని నెత్తిన కంచురేకు ఉంటుంది. చూడ్డానికి చదునుగా కనిపించే ఆ రేకు నిజానికి చదునుగా ఉండదు. వెంట్రుకవాసి ఒంపు ఉంటుంది. తీగ రేకును ఒకచోట అంటి వదిలేయదు, ఒంపు వెంట రాసుకుంటూ వెళుతుంది. పనిలో ఉన్న యువకుడు తీగ మీటి, విని, దాన్ని పక్కకు తప్పించి, ఆకురాయితో రేకు మీద ఒక్క దెబ్బ గీసి, మళ్లీ తీగ వేసి మీటేవాడు. మొదట మీటినప్పుడు నాదం పొట్టిగా, మూగగా ఉంది. కొంతసేపయ్యాక చిరచిరమనే చప్పుడు వచ్చింది. అంటే ఒంపు ఎక్కువైందన్నమాట. మళ్లీ దిద్దాడు. ఆ రెంటికీ మధ్య ఒకచోట తీగ తెరుచుకుంది. ఒక్క మీటుకు నాదం పుట్టి, విచ్చుకుని, చాలాసేపు నిలిచి, సన్నగిల్లింది. కర్ర అదే, తీగ అదే. ఆకురాయి తీసేసిన లోహం గోటిమీదకు కూడా రాదు.

ఈ ఒంపు లోపలి రహస్యాన్ని లోకానికి చెప్పిన శాస్త్రవేత్త బాల్యం గడిచింది మా విశాఖలోనే. చంద్రశేఖర వేంకట రామన్ 1888లో తిరుచిరాపల్లిలో పుట్టినా, తండ్రి ఏవీఎన్ కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరడంతో 1892లో ఆ కుటుంబం ఇక్కడికొచ్చింది. పాతనగరంలోని సెయింట్ అలోషియస్ బడిలో చదివి రామన్ 11 ఏళ్లకే మెట్రిక్ దాటాడు. ఏవీఎన్‌లోనూ చదివి, ఆ తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లాడు. తండ్రి వయొలిన్ వాయించేవాడు. రామన్ తర్వాత పెళ్లాడిన లోకసుందరి వీణ వాయించేది. కొలువులో ఉంటూనే రామన్ 1909లో ఏక్‌తారా మీద ఒక వ్యాసం రాశాడు. 1921లో మన తీగవాద్యాల మీద రాసిన పరిశోధన పత్రంలో వీణనూ తంబురానూ తీసుకున్నాడు.

తీగ మీటితే మూలస్వరంతో పాటు పై ఉపస్వరాలు కూడా పలుకుతాయి. వాటి గురించి పాశ్చాత్య శాస్త్రంలో అప్పటికే ఒక సూత్రం ఉండేది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని ఉపస్వరాలు నాదంలో వినిపించకూడదు. సరిగ్గా మధ్యలో మీటితే రెండోది, నాలుగోది, ఆరోది మాయం కావాలి. వీణలో, తంబురాలో అలా జరగడం లేదని రామన్ చూపించాడు. ఎక్కడ మీటినా ఉపస్వరాలన్నీ నిండుగా పలుకుతున్నాయి. వీణలో అందుకు కారణం ఒంపు తిరిగిన ఆ గుర్రమే. తంబురాలో గుర్రం మీద తీగ కింద పెట్టే దారం కూడా ఆ పనికి తోడవుతుంది. తీగ కదిలినప్పుడల్లా ఒంపును తాకుతూ, విడుతూ కొత్త ఉపస్వరాలకు ప్రాణం పోస్తుంది. మీటు కొద్దిగా అటూ ఇటూ అయినా వీణ నాదం పేలవం కాకపోవడానికి మూలం అక్కడుంది. గొల్లపల్లి కుర్రాడు ఆకురాయితో వెతుకుతున్నది ఆ ఒంపునే. కలకత్తాలో రామన్ పరికరాలతో పట్టుకున్నదాన్ని ఇతని తాతలు చెవితో పట్టుకున్నారు. ఈ రెండు జ్ఞానాలకూ సమాన గౌరవం దక్కాలన్నది నా గట్టి నమ్మకం.

మధ్యాహ్నం తర్వాత మేళం కట్టడం చూశాను. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి కాచిన నల్లటి ముద్దను దండి మీద రెండు వరసలుగా గట్లు పోసి, వాటి మీద 24 మెట్లు నిలబెడతారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. కాగితం మీద దీని లెక్క తేలికే. బిరడాల వైపు తీగలు ఆనే మేరువు నుంచి గుర్రం దాకా తీగ మోగే పొడవు 84 సెంటీమీటర్లు అనుకుని, స్థాయిని 12 సమానమైన అంతరాలుగా విడదీస్తే మొదటి మెట్టు మేరువుకు సుమారు 4.7 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. 12వది సరిగ్గా సగంలో, 42 దగ్గర. 24వది 63 దగ్గర. అక్కడికొచ్చేసరికి పక్కపక్క మెట్ల మధ్య ఎడం 1.2 సెంటీమీటర్ల పైచిలుకే.

ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పదు. తీగను మెట్టు మీదకు నొక్కగానే బిగువు పెరిగి స్వరం కాస్త హెచ్చుతుంది. తీగ ఎంత ఎత్తున ఉంటే అంత హెచ్చు. పైగా మన స్వరాలు 12 సమాన భాగాల్లో ఒదిగి కూర్చునేవి కావు. అందుకే మేస్త్రీ మెట్టును మైనంలో పెట్టి, నొక్కి, మీటి, విని, వేడి తగిలించి ఒక నూలుపోగంత జరుపుతాడు. ఒక తీగకు సరిపోయినది పక్క తీగకు తేడా వస్తే మెట్టును ఏటవాలుగా తిప్పుతాడు. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు ఏ మెట్టూ పక్క మెట్టును మించి లేవకూడదు, లేస్తే గరగర. గిటారులో మెట్టు ఒకసారి దిగ్గొడితే అంతే. వీణలో మెట్టును ఎప్పుడైనా సవరించుకోవచ్చు. కంచుమెట్లకు మైనం వాడటం లేమి వల్ల వచ్చిన పద్ధతి కానేకాదు, ఎంతో ఆలోచించి చేసిన రూపకల్పన. తంజావూరును రఘునాథ నాయకుడు ఏలిన 17వ శతాబ్దం మొదట్లో వీణకు ఈ 24 మెట్ల రూపం కుదిరిందని సంగీత చరిత్ర చెబుతుంది.

మైనానికి ఒక ఇబ్బంది ఉంది. ఎండకు మెత్తబడుతుంది. విశాఖలో వీణ ఉన్నవాళ్లకు ఇంకో తంటా, ఉప్పుగాలికి ఉక్కుతీగలు తుప్పుపట్టడం. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవమని, మే నెలలో కారులో వీణ వదిలేయొద్దని, కొన్నేళ్లకోసారి మేళం మళ్లీ కట్టించుకోవాలని అక్కడివాళ్లు చెప్పారు. ఇవి వీణ టీచర్లు పిల్లలకు మొదటి రోజే చెప్పదగ్గ మాటలు.

చావడిలో ఒక బల్ల నిండా బహుమతి వీణలున్నాయి. మూర నుంచి జానెడు దాకా, అద్దాల పెట్టెల్లో. సభల్లో ఇచ్చేందుకు వీటికి గిరాకీ బాగా ఉంది. ఇళ్లు గడుస్తున్నది చాలావరకు వీటితోనే. కొత్తగా చేరేవాళ్లు ముందు వీటి మీదే చేయి తిప్పుకుంటారు. తప్పు పట్టడానికి లేదు, పొట్టకూటి పని పవిత్రమైనదే. అయితే బొమ్మవీణకు నాదం అక్కర్లేదు. దాని గుర్రానికి ఒంపు ఉన్నా లేకున్నా అడిగేవాడు లేడు. దాని మీద చెక్కుడు వస్తుంది, యాళిముఖం తీర్చడం వస్తుంది, పూర్వం దంతంతో పొదిగిన చోట ఇప్పుడు ప్లాస్టిక్ రేకు మీద లతలు గీసి రంగు నింపడం వస్తుంది. కుండ ఎక్కడ టక్కుమంటుందో వినడం మాత్రం రాదు. పెద్ద వీణల పని తగ్గేకొద్దీ ఆ చెవి తయారయ్యే అవకాశమూ తగ్గిపోతుంది. ప్రభుత్వం అప్పుడప్పుడూ శిక్షణ తరగతులు పెట్టిందని అక్కడివాళ్లు చెప్పారు. నేర్చుకున్నవాడికి ఏడాది పొడవునా పెద్ద వీణ పని దొరికితేనే ఆ శిక్షణ నిలుస్తుంది.

ఇలాంటి విద్యకు బడి పెట్టిన ఊరొకటి ఇటలీలో ఉంది, క్రెమోనా. వయొలిన్ తయారీకి పేరుమోసిన స్ట్రాడివారి ఊరు. ఆయన 1737లో పోయాడు. ఆయన వాడిన చెక్క అచ్చులు, కాగితపు నమూనాలు ఈనాటికీ ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. 1938లో అక్కడ వయొలిన్ తయారీ బడి పెట్టారు. దేశదేశాల నుంచి పిల్లలు వచ్చి చేరతారు. మనకు విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాల ఉంది. దానికీ గొల్లపల్లికీ మధ్య 60 కిలోమీటర్లు కూడా లేవు. వీణ మీటే చేయి అక్కడ, వీణ చేసే చేయి ఇక్కడ. ఆ రెండూ ఒకే గదిలో కొన్నాళ్లు కూర్చుంటే విద్యార్థికి తన వాద్యం ఎందుకలా పలుకుతుందో తెలుస్తుంది, మేస్త్రీకి వాయించేవాళ్ల చేతికి ఏం కావాలో తెలుస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నా విన్నపం ఒకటి. మీ దగ్గర సంగీత శాఖ ఉంది, ఇంజనీరింగ్ కళాశాల ఉంది, భౌతికశాస్త్ర శాఖ ఉంది. గొల్లపల్లి మేస్త్రీలను ప్రదర్శనకు కాదు, పాఠం చెప్పడానికి, తగిన జీతమిచ్చి పిలవండి. బాగా పలికే పాత బొబ్బిలి వీణలను కొన్నిటిని తీసుకుని మందం, ఒంపు, తీగ ఎత్తు, కర్ర బరువు అన్నీ కొలిచి, మేస్త్రీల మాటలతో సహా తెలుగులో ప్రచురించండి. విశాఖ, విజయనగరం ఇళ్లల్లో మూగపడిన వీణలున్నవాళ్లకు ఇంకో మాట. వాటిని అటకమీద ఉంచకండి. గొల్లపల్లి తీసుకెళ్లి మేళం కట్టించండి, మీ పిల్లలను కూడా వెంటబెట్టుకెళ్లి గుర్రం దిద్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టండి. కొనే స్తోమత ఉన్నవాళ్లు అద్దాల పెట్టెలో వీణతో సరిపెట్టుకోకుండా పలికే వీణ ఒకటి చేయించుకోండి.