దేనికి ఒప్పుకున్నట్టు?

స్కూల్లో ఇంగ్లీష్ గ్రామర్ చదివేటప్పుడు ‘అగ్రీ’ అనే క్రియ వెనక వచ్చే చిన్న మాటలు నన్ను తెగ విసిగించేవి. మనిషితో అయితే ‘అగ్రీ విత్’, అడిగినదానికైతే ‘అగ్రీ టు’, ఇద్దరూ కలిసి ఒక రేటు తేల్చుకుంటే ‘అగ్రీ ఆన్’. బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నా. ఆ తేడా ఎందుకో అర్థమైంది మాత్రం ఆటోనగర్‌లో, నాన్న పనిచేసే లారీ బాడీ షెడ్డులో.

అక్కడ బేరం ఒక్క ‘సరే’తో తెగదు. తొట్టికి ఏ చెక్క వేస్తారు, రేకు ఎంత మందం, పెయింటింగ్ కలిపా విడిగానా, బండి ఎన్ని రోజుల్లో ఇస్తారు... లారీ ఓనరు ఒక్కోటీ అడుగుతాడు. చెక్క విషయంలో నాన్న ఆయనతో ఏకీభవించకపోవచ్చు. “అది ఆగదండీ” అని చెప్పి, అయినా ఆయన కోరినదానికి ఒప్పుకుంటారు. చివరికి రేటు మీద ఒప్పందం కుదురుతుంది. తో, కి, మీద. విత్, టు, ఆన్ మన దగ్గరా ఉన్నాయన్నమాట! 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ చెప్పేదీ ఇదే: ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి.

ఇప్పుడు ఫోన్ తీయండి. ‘ఐ అగ్రీ’, అంతే. విత్ లేదు, టు లేదు, ఆన్ లేదు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే బాబాయి పిల్లాడి ఫీజు కోసం పోయినేడు ఒక లోన్ యాప్‌లో అది నొక్కారు. ఆయన ఒప్పుకుంది అప్పుకి, వడ్డీకి. యాప్ లెక్కలో మాత్రం ఫోన్లో ఉన్న నంబర్లన్నీ తీసుకోవడానికి కూడా! వాయిదా వారం లేటయ్యేసరికి ఆయన కస్టమర్లకి, బావమరిదికి ఫోన్లు వెళ్లాయి. “అసలు నేను దేనికి ఒప్పుకున్నాన్రా?” అని నన్నడిగారు. చూస్తే ఆ పేజీలన్నీ ఇంగ్లీషే.

లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్టు జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే మాటలు తేలిగ్గా అర్థమవ్వాలి. ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేంట్లోగానీ చదువుకునే వీలుండాలి. అందులో తెలుగూ ఉంది.

రేపు ఆ బటన్లు తయారుచేసేది మనమే కదా. ‘ఐ అగ్రీ’ తీసేసి ‘అంగీకరిస్తున్నాను’ అని పెడితే సరిపోదు, దేనికో చెప్పాలి. ‘మీ ఫోన్లో నంబర్లు చూడటానికి ఒప్పుకుంటారా?’ అని అడగాలి. పక్కనే ‘ఒప్పుకోను’ బటన్ కూడా అంతే సైజులో ఉండాలి. ఈ సెమిస్టర్ మా మినీ ప్రాజెక్టులో సైన్ అప్ పేజీ నా వాటాకొచ్చింది. ముందు ఆ రెండు బటన్లే రాస్తున్నా.