బరువెక్కిన చేతులు



మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నారు. ఆదివారం ఆరాధన ముగియగానే చాపలన్నీ చుట్టి మూలన నిలబెట్టేది ఆయనే. రెండేళ్ల క్రితం ఆయన కాళ్లకు నీరు పట్టింది. రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవారు. ఎకో తీసి, గుండె పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. ఆరోగ్యవంతులకు 55 దాటి ఉంటుంది. హార్ట్ ఫెయిల్యూర్ అనే మాట వినగానే మేమందరమూ బెదిరిపోయాము. గుండె ఆగిపోవడం కాదని, ఒంటికి కావలసినంత రక్తాన్ని నెట్టలేకపోవడమని తరువాత తెలిసింది.

అప్పటి నుండి ఆయనను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. మంచినీళ్ల చెంబు కూడా ఇంట్లోవాళ్లే అందించేవారు. చాప తీయబోతే మేమే "వద్దయ్యా, కూర్చోండి" అని కుర్చీ వేశాము. అదే ప్రేమ అనుకున్నాము. మందులతో వాపు తగ్గింది, ఆయాసం తగ్గింది. మనిషి మాత్రం తరిగిపోయారు. ఒకరోజు, "అయ్యగారూ, నేనింక సంఘానికి బరువే కదా" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

పోయిన వేసవిలో ఆయనతో పాటు మేమూ ఆసుపత్రికి వెళ్లాము. కండబలం ఎంతుందో చూడాలన్నారు డాక్టరుగారు. ఛాతీకి తీగలు అంటించి, ఒక చేతికి బీపీ పట్టీ చుట్టి, రెండో చేతికి పిడి ఉన్న చిన్న పరికరమిచ్చి గట్టిగా పిండమన్నారు. ఇది పరీక్షా, శోధనా అని మాకు భయం వేసింది. తలుపు దగ్గరే నిలబడి ప్రార్థించాము.

"ఊపిరి బిగపట్టొద్దు పెద్దాయనా, వదులుతూ పిండండి" అని ఫిజియోథెరపీ అమ్మాయి మాటిమాటికీ చెప్పింది. పిడికిలి బిగించి ఉంచితే కండరం తనలోని రక్తనాళాలను నొక్కుతుందట. బీపీ, గుండె వేగం పెరుగుతాయి. ఆ ఒత్తిడికి ఎదురుగా గుండె రక్తాన్ని నెట్టాలి. ఊపిరి కూడా బిగబడితే భారం ఇంకా ఎక్కువ. అందుకే కొద్దిసేపు పిండించి, విశ్రాంతినిచ్చి, తెర చూస్తూ మళ్లీ పిండించారు. తెర మీద అంకెలు పెరిగాయి. చేయి వదిలాక కాసేపటికి దిగాయి. ఆ గుండె తట్టుకుంది. తట్టుకోలేనంత నీరసించినది చేయి.

జబ్బు కొంత, కూర్చోబెట్టడం కొంత కండను తినేశాయన్నారు డాక్టరుగారు. ఒకప్పుడు వైద్యులూ విశ్రాంతే మందు అనేవారట. 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఇలాంటి రోగులు 2331 మందిని తీసుకుని, సగం మందికి నడక, సైకిలు వంటి వ్యాయామం నేర్పించారు. అది క్షేమమేనని తేలింది.

ఆ సాయంత్రం బస్సులో మాకు నిర్గమకాండము 17వ అధ్యాయము గుర్తొచ్చింది. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఏమి చేశారు? కూర్చోవడానికి రాయి వేశారు. నిజమే, విశ్రాంతి కావాలి. కానీ చేతులు దించేయమనలేదు. చెరొక ప్రక్క నిలిచి ఎత్తిపట్టారు. మేము రాయి వేశాము గానీ చేతులు ఎత్తిపట్టలేదు. ప్రేమ పేరుతో వాటిని కట్టేశాము. ప్రభువు మమ్మును క్షమించును గాక.

ప్రియులారా, ఇది చదివి ఇంట్లో రోగుల చేత బరువులు ఎత్తించకండి. జబ్బు మందులతో నిలకడగా ఉన్నవారికి, వైద్యుల కళ్లెదుట చేసే పరీక్ష ఇది. ఛాతీనొప్పి, తలతిరుగుడు, ఆయాసం ఉంటే వెంటనే ఆపాలి. కానీ మీ ఇంట కుర్చీకి అంటుకుపోయిన మనిషి ఉంటే, ఆయన ఏమి చేయగలరో డాక్టరును అడగండి.

పెద్దాయన పంపింగ్ పెద్దగా మారలేదు. డాక్టరుగారు చెప్పినట్టు నెలల తరబడి కొంచెం కొంచెంగా సాధన చేశారు. ఇప్పుడు ఆదివారం ఒక్క చాప చుడతారు. ఊపిరి వదులుతూ, నెమ్మదిగా. రెండో కొస మేము పట్టుకుంటాము. మిగతావి పిల్లలు చుడతారు.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.