నూటయాభై గుర్రాలు, ఎకరం పది గుంటలు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. ప్రతి సంచికలోనూ సగం కవితలే ఉంటాయి, వాటిలో సగం వెన్నెల మీదే ఉంటాయి. అంచేత ఆ ప్రయత్నం విరమించి మా ఇంటి కారు సంగతి రాస్తున్నాను. మాకు కారు ఉందనుకునేరు! లేదు. కొనాలా వద్దా అని 2025 డిసెంబరు నెలంతా మా ఇంటిల్లిపాదీ పడిన మల్లగుల్లాలే ఈ వ్యాసం.

మాది వరంగల్ జిల్లాలో ఒక పల్లె. ఐదెకరాల రేగడి. పత్తి, కాస్త మిర్చి, బావి కింద కొన్ని గుంటల వరి. మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు కొత్తగా వేస్తున్న 163జి జాతీయ రహదారి సరిగ్గా మా చేనులోంచే పోవాల్సి వచ్చింది. ఎకరం పది గుంటలు రోడ్డు కింద పోయింది. మిగిలినది రోడ్డుకు అటు కొంత, ఇటు కొంత. పరిహారం 28 లక్షలు బాపు ఖాతాలో పడ్డాయి. మా ఇంట్లో అంత డబ్బు ఒక్కసారిగా ఎవరూ చూసి ఎరగరు. బాపు ఆ పాసుబుక్కును దేవుడి పటం వెనకాల పెట్టాడు. రెండు రోజులకోసారి తీసి చూసి మళ్లీ అక్కడే పెట్టేవాడు. ఉందా లేదా అని చూసేవాడో, పోయిన చేను అందులో ఎక్కడైనా కనబడుతుందేమోనని చూసేవాడో నాకు తెలియదు.

రోడ్డు డబ్బులు వచ్చాక మా ఊళ్లో కార్లు మొలిచాయి. ఒకరిని చూసి ఒకరు. మా అన్నకు ఆ జబ్బు లేదు. వాడికి కార్ల మీద ఇష్టం చిన్నప్పటిది. నోటుబుక్కుల అట్టల లోపల కార్ల బొమ్మలు వేసేవాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో పని. ఆఫీసుకు మెట్రోలో పోతాడు, నెలకు రెండుసార్లు బస్సులో ఇంటికి వస్తాడు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటర్ నుంచి నా ఫీజులు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాడి జీతంలోంచే. ఈ కాలేజీలో నేను పట్టుకున్న ప్రతి పరీక్షనాళిక వెనక వాడు నిలబడి చేసిన బస్సు ప్రయాణం ఒకటుంది.

అలాంటి అన్న నవంబరు చివర్లో ఫోను చేశాడు. ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీ. ఒకటిన్నర లీటరు టర్బో ఇంజను, 150 హార్స్‌పవర్, ఏడు గేర్లు, అవి కూడా వాటంతటవే పడతాయి. ఏడాది మొదట్లో తయారై షోరూములో మిగిలిపోయిన బండి. డిసెంబరు 31లోగా తీసుకుంటే లక్షన్నర తగ్గింపు. తగ్గింపు పోను, లైఫ్ టాక్సూ ఇన్సూరెన్సూ కలిపి 21 లక్షల చిల్లర.

"లక్షన్నర, చెల్లే! ఊకె వచ్చినట్టే" అన్నాడు.

బాపు అవునని అనలేదు, కాదని అనలేదు. నన్ను పిలిచి, "నువ్వైతె సైన్సు సదువుతున్నవ్ గద బిడ్డా. ఈ బండి సంగతేందో జెర చూసి చెప్పు" అన్నాడు. సైన్సు చదివేవాళ్లంటే మా ఇంట్లో ఫ్యాను బాగు చేయడం దగ్గర్నుంచి ధర్మసందేహాలు తీర్చడం దాకా అన్నీ వాళ్ల పనే. నా ఫీజు కట్టినవాడి ముచ్చట మీద నన్నే తీర్పు చెప్పమంటే ఎట్లా? ఆ రాత్రి నాకు అన్నం సరిగా దిగలేదు.

ఆదివారం నలుగురం హనుమకొండలో ఆ బండిని నడిపి చూడటానికి పోయాం. అన్న స్టీరింగు దగ్గర, షోరూము అబ్బాయి పక్కన, వెనక సీట్లో అమ్మ, బాపు, మధ్యలో నేను. బైపాసు ఖాళీగా ఉన్నచోట అన్న కాలు నొక్కాడు. ఎవరో నా వీపును పట్టుకుని సీటుకేసి అదిమినట్టయింది. న్యూటన్ రెండో సూత్రాన్ని మూడేళ్లుగా పరీక్షల్లో రాస్తున్నాను గాని, వీపుతో చదవడం అదే మొదటిసారి. నిజం దాచడమెందుకు, బ్రహ్మాండంగా ఉంది. ఇంకోసారి నొక్కమని అడగాలనిపించింది. పక్కన బాపు తువ్వాలను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అమ్మ మాత్రం నిబ్బరంగా కూర్చుని షోరూము అబ్బాయిని ప్రశ్నలు అడిగింది.

ఆ అబ్బాయి, "తక్కువ వేగంలో బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లలో రెండు ఆగిపోతాయమ్మా, పెట్రోలు మిగుల్తది" అన్నాడు.

"అంటే రెండెద్దులు గుంజుతుంటే రెండెద్దులు నెమరేస్తయన్నట్టు" అంది అమ్మ. ఇంతకంటే మంచి వివరణ నేను మా లెక్చరర్ల దగ్గర కూడా వినలేదు. తర్వాత, వెనక డిక్కీలో యూరియా బస్తాలు ఎన్ని పడతాయని అడిగింది. ఆ అబ్బాయికి ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు. ఇంటికొచ్చాక లెక్క నేనే వేశాను. డిక్కీ 521 లీటర్లు. 45 కిలోల బస్తా సుమారు 60 లీటర్ల జాగా తింటుంది. కాగితం మీద ఎనిమిది పడతాయి. కాని 360 కిలోలు వెనక వేసుకుని మా ఊరి స్పీడు బ్రేకర్లు దాటాలంటే, నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి ఏమవుతుందో మీరే ఊహించండి. అదీగాక దాదాపు ఎకరం ధర పెట్టి కొన్న బండిలో యూరియా ఎవరు వేస్తారు?

బండిలో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూసి ఐదు నక్షత్రాలు ఇచ్చిన బండి అది. పుణె దగ్గర చాకన్‌లో చేస్తారు. మంచి ఇంజనీర్ల పని. అంచేత వాదం బండి మీద కాదు, లెక్క మీద నడవాలని తేల్చుకుని, సెమిస్టరు పరీక్షలకు పెట్టుకున్న నోటుబుక్కులో రెండు పేజీలు దానికి కేటాయించాను.

మొదట గుర్రాలు. గంటకు 100 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతుంటే ఇలాంటి కారును గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 300 న్యూటన్లు, టైర్ల దొర్లుడుకు పోయేది మరో 170. రెండూ కలిపి వేగంతో గుణిస్తే 13 వేల వాట్లు. గేర్లలో నష్టాలు కలుపుకున్నా 20 హార్స్‌పవర్ దాటదు. నాలుగు వరసల రహదారి మీద కారుకు చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం 100. ఎక్స్‌ప్రెస్ హైవే మీదైతే 120. అంటే దారి పొడవునా 20 గుర్రాలు పని చేస్తుంటే 130 గుర్రాలు కొట్టంలో ఉంటాయి. లారీని దాటేటప్పుడు నాలుగైదు సెకన్లు వాటిని విప్పుతాం, మళ్లీ కట్టేస్తాం. ఆ నాలుగైదు సెకన్ల కోసమే ఈ ధర. అది దండగ అని నేననను. దాటేటప్పుడు ఆ బలం ప్రాణం కాపాడొచ్చు కూడా. పైగా, ఇష్టానికి లెక్క కట్టబోతే నేను చూసిన సినిమాలకూ కట్టాల్సి వస్తుంది.

తర్వాత డబ్బు. ఇక్కడ ఇన్సూరెన్సు వాళ్ల పట్టిక ఉపయోగపడింది. బండి విలువను ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం తగ్గించి కడతారు. షోరూము ధరలో సగం, అంటే సుమారు 9 లక్షలు, ఐదేళ్లలో ఆవిరి. ఏడాదికి లక్షా ఎనభై వేలు. 21 లక్షలు బ్యాంకులో వేసి 6 శాతమే వడ్డీ వచ్చిందనుకున్నా ఏడాదికి లక్షా పాతిక వేలు. రెండూ కలిపితే మూడు లక్షల పైన. అన్న నెలకు రెండుసార్లు, వచ్చిపోయే దూరం 320 కిలోమీటర్ల చొప్పున, ఏడాదికి తిరిగేది 7,680 కిలోమీటర్లు. కిలోమీటరుకు 40 రూపాయలు పడుతోంది. పెట్రోలు ఇంకా పోయనే లేదు! ఇక ఆ లక్షన్నర డిస్కౌంటు ఎంతకు సరిపోతుందంటే, పద్నాలుగు నెలల వడ్డీకి.

పైగా ఆ డిస్కౌంటుకు కారణం ధర్మం కాదు. బండి తయారైన నెల, సంవత్సరం చాసిస్ నంబరులోనే ఉంటాయి. జనవరి ఒకటి రాగానే అది కాగితం మీద నిరుటి బండి అవుతుంది. అమ్మబోయేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఆ సంవత్సరమే. అంటే రేపు మనకు తగ్గబోయేదాన్ని ఈరోజే కాస్త ముందుగా చేతిలో పెడుతున్నారన్నమాట. వాళ్లది మోసం కాదు, వ్యాపారం. మన మిర్చి రంగు మారితే మార్కెట్లో రేటు తగ్గించి అడుగుతారే, అదే సూత్రం.

ఫోనులో ఈ లెక్కంతా అన్నకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జీఎస్టీ కూడ తగ్గింది గద" అన్నాడు. తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు, 1200 సీసీ దాటని పెట్రోలు కార్లకు 18 శాతం చేశారు. అన్న మెచ్చిన బండి నాలుగున్నర మీటర్లు దాటింది గనుక సెస్సుతో కలిపి 45 ఉన్నది 40 అయింది. అదే రోజు ట్రాక్టర్ల మీద 12 నుంచి 5కు వచ్చింది. ఈ ముక్క బాపు చెవిన పడగానే, "గట్లయితె అసలు డిస్కౌంటు ట్రాక్టరుకొచ్చింది" అన్నాడు. అన్నకు కోపం వచ్చింది.

ఆ కోపంలో వాడు అన్న మాట నాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. "అందరి అవసరాలకు లెక్కలుండవు, నాకొక్కనికే ఉంటయా? నీ ఫీజు కట్టేటప్పుడు నేను కిలోమీటరుకెంతని అడిగిన్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. నోటుబుక్కులో రెండు పేజీలు అలాగే ఉన్నాయి, తప్పేమీ లేదు వాటిలో. కాని ఎనిమిదేళ్లుగా కిక్కిరిసిన బస్సులో వచ్చిపోయిన మనిషికి ఒక్కసారి తన ఇష్టప్రకారం కాలు నొక్కాలని ఉంటే, దాన్ని ఏ కాలమ్‌లో వేయాలో నాకు తట్టలేదు. సంబంధాలు చూస్తున్నారు కూడా. మొన్న ఒకచోట పిల్లవాడికి ఉద్యోగం ఏమిటని కాక, కారు ఉందా అని అడిగారట. అది నాతో చెప్పాడు గాని బాపుతో చెప్పలేదు.

డిసెంబరు 28న అన్న ఇంటికి వచ్చాడు. సాయంత్రం బాపు మా ఇద్దర్నీ చేను కాడికి తీసుకుపోయాడు. మొరం పోసి కట్ట ఎత్తుతున్నారు. మేము వేపచెట్టు కింద సద్ది తినే జాగా ఇప్పుడు మనిషి కంటే ఎత్తున ఉంది. అడ్డదిడ్డంగా ఎక్కడానికి వీల్లేని రోడ్డు అది. దూరంగా ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే ఎక్కాలి, అలాంటి చోటే దిగాలి. మా చేనులోంచి పోతుంది గాని మా చేను దగ్గర ఆగదు.

"ఆ బండైతె మన జాగ దాటనీకి ఎంతసేపు పడ్తది బిడ్డా?" అన్నాడు బాపు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

ఎకరం పది గుంటలంటే సుమారు 5,060 చదరపు మీటర్లు. రోడ్డు జాగా 45 మీటర్ల వెడల్పు అనుకుంటే పొడవు 112 మీటర్లు. వంద వేగంతో సెకనుకు 28 మీటర్లు.

"నాలుగు సెకన్లు" అన్నాను.

బాపు ఏమీ అనలేదు. అన్న మొరం గడ్డ ఒకటి కాలితో దొర్లిస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి, "పక్కూర్ల ముప్పై గుంటలున్నయంటున్నరు గద, రేటెంతట?" అని వాడే అడిగాడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. రోడ్డు వస్తోందనగానే చుట్టుపక్కల భూముల ధరలు మిన్నంటాయి. మాకు వచ్చిన డబ్బుతో పోయినంత భూమి మళ్లీ రాదు. ముప్పై గుంటలు, అందులో సగం వాటా బావి. జనవరి మొదటి వారంలో బయానా ఇచ్చాం. మిగిలిన డబ్బు బాపు అన్న పేరునే బ్యాంకులో వేశాడు, ఏం కొనుక్కుంటాడో వాడిష్టం అన్నాడు. అన్న ఇంకా బస్సులోనే వస్తున్నాడు. నాతో మునుపటిలాగే మాట్లాడుతున్నాడు గాని కార్ల ముచ్చట మాత్రం తేవడం లేదు. అదే నాకు వెలితిగా ఉంది.

సంక్రాంతికి ముందు షోరూము అబ్బాయి ఫోను చేశాడు. అదే బండి, అదే రంగు, ఇంకా అక్కడే ఉందట. మరో 40 వేలు తగ్గిస్తామన్నాడు. అన్న ఫోను స్పీకర్లో పెట్టి బాపు వైపు చూశాడు.

బాపు నన్ను అడిగాడు: "ఐదేండ్లకు సగమైతదంటివి గద బిడ్డా?"

"అవును బాపూ."

"అయితె గప్పటిదాక ఆగుతమని చెప్పురా."