శనివారం చాప్టర్

మాదాపూర్‌లో కంపెనీ గేటు దాటడం శనివారమైనా తేలిక కాదు. సెక్యూరిటీ గార్డు నా ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి అడుగున ఉన్న సీరియల్ నంబర్ రిజిస్టర్‌లో రాసుకున్నాడు. ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించాడు. జాబితాలో నా పేరు ఉంది. నా వెనక బ్యాగుతో నిలబడ్డ కుర్రాడి పేరు లేదు. నల్గొండలో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చానని వాడు చెప్తున్నాడు, లిస్టులో లేనివాళ్ళని పంపనని గార్డు చెప్తున్నాడు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, కాసేపటికి పైనుంచి ఒకావిడ దిగివచ్చారు. "మా మీటింగ్‌కే అన్నా. రాత్రి పొద్దుపోయాక పేరిచ్చాడు, లిస్టులో ఎక్కలేదు" అని గార్డుకి చెప్పి, కుర్రాడి కాలేజీ ఐడీ కార్డు చూపించి, తన పూచీ మీద రిజిస్టర్‌లో సంతకం పెట్టారు. "పద తమ్ముడూ, టిఫిన్ చేశావా?" అంటూ లిఫ్టు వైపు నడిచారు.

ఆవిడే ఇక్కడి ఓవాస్ప్ చాప్టర్ లీడర్. వారమంతా ఒక బ్యాంకులో అప్లికేషన్ సెక్యూరిటీ ఉద్యోగం. నెలకో శనివారం ఇది. దీనికి జీతం లేదు, కార్యాలయం లేదు, సిబ్బంది లేరు. హాలు ఇచ్చే కంపెనీని బతిమాలుకోవాలి, వక్తను వెతుక్కోవాలి, వచ్చేవాళ్ళ పేర్లు గేటు దగ్గరికి ముందురోజే పంపాలి. ఆవిడ భుజానికి వేలాడుతున్న సంచిలో నాకు కనిపించినవి: ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు రకాల హెచ్‌డీఎంఐ అడాప్టర్లు, మార్కర్లు, రబ్బరుబ్యాండు చుట్టిన పెన్‌డ్రైవ్‌ల కట్ట.

సాఫ్ట్‌వేర్‌ని భద్రంగా ఎలా తయారుచేయాలో అందరికీ ఉచితంగా చెప్పాలని 2001లో మొదలైన ప్రాజెక్టు ఓవాస్ప్. 2004లో అమెరికాలో లాభాపేక్ష లేని ఫౌండేషన్‌గా నమోదైంది. పేరులో మొదట 'వెబ్' ఉండేది, 2023లో దాన్ని 'వరల్డ్‌వైడ్' చేశారు. ప్రపంచమంతటా నగరాల పేరుతో చాప్టర్లున్నాయి. వాటికి రెండు నియమాలు ప్రాణం. సమావేశానికి ఎవరైనా రావచ్చు, పైసా అడగకూడదు. వేదిక మీద ఏ కంపెనీ సరుకూ అమ్మకూడదు. చదవడానికి రెండే వాక్యాలు. వాటిని నెలనెలా నిలబెట్టడానికి ఎంత ఓపిక కావాలో ఆ పూట దగ్గరుండి చూశాను.

ఈ రంగంలో సంఘాలకు కొదవలేదు. కంప్యూటర్ ఆడిటర్లు 1969లో పెట్టుకున్న ఐసాకా ఉంది. సెక్యూరిటీ నిపుణులకు సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష పెట్టే ఐఎస్‌సీ2 ఉంది. మన దేశంలోనే పుట్టి ఊరూరా ఉచితంగా సమావేశాలు పెట్టే 'నల్' ఉంది. ఒకరి సమావేశాల్లో ఇంకొకరు కనిపిస్తూనే ఉంటారు. సీఐఎస్‌ఎస్‌పీ సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే మూడేళ్ళలో 120 క్రెడిట్లు చూపించాలి కాబట్టి హాజరు పత్రం కోసం వచ్చేవాళ్ళూ ఉంటారు. "రానివ్వండి, సంతకం మాత్రం చివర్లోనే పెడతాను" అన్నారావిడ.

హాల్లో అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు. జుట్టు నెరిసిన నెట్‌వర్క్ ఇంజనీర్లు, కోడ్ రాసే అమ్మాయిలు, బీటెక్ మూడో ఏడాది పిల్లలు, భువనేశ్వర్ నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన ఇద్దరు. హైదరాబాద్‌కి ఈ గుంపు ఎందుకు అవసరమో చెప్పడానికి పెద్ద వాదన అక్కర్లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటినుంచి ఈ రాళ్ళగుట్టల మధ్య రాసిన కోడ్ ఎక్కడెక్కడి బ్యాంకుల్లోనో, ఆసుపత్రుల్లోనో నడుస్తోంది. ఇక్కడ కూర్చుని చేసిన పొరపాటు ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్ళ డబ్బు మీదికి వస్తుంది.

మొదటి పావుగంట వార్తలది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి మాట్లాడింది. 2022 జనవరిలో మన నగరంలోనే ఒక సహకార బ్యాంకు సర్వర్లోకి దొంగలు చొరబడి 12 కోట్ల రూపాయలకు పైగా తరలించిన ఉదంతం తీసుకుంది. ఎంత పోయింది, ఎందరిని పట్టుకున్నారు అని మొదలుపెట్టగానే లీడర్ వెనక వరసలోంచి మెల్లగా అందుకున్నారు. "అంకెలు పేపర్లో చదువుకుంటాం అమ్మా. దొంగ ఎక్కడ అడుగుపెట్టాడు, మధ్యలో ఎక్కడెక్కడ ఆపొచ్చు, అది చెప్పు."

అమ్మాయి ఒక్క క్షణం ఆగి, మార్కర్ తీసుకుని బోర్డు మీద గీత గీసింది. ఉద్యోగులకు ఈమెయిల్ వచ్చింది. జోడించిన ఫైలు తెరిచారు. దాంతో వాళ్ళ కంప్యూటర్ దూరాన ఉన్నవాడి చేతిలోకి పోయింది. అక్కణ్ణుంచి సర్వర్‌కి, సర్వర్ నుంచి ఖాతాలకి. ఒక్కో మలుపు దగ్గర ఆపి "ఇక్కడ ఏం ఉండాల్సింది?" అని హాలుని అడిగింది. ఒక ఉద్యోగి కంప్యూటర్ నుంచి మొత్తం సర్వర్‌కి దారి ఎందుకుండాలి అన్నారొకరు. ఖాతాలో ఉన్నట్టుండి లక్షలు పడితే గంట మోగాలి కదా అన్నారింకొకరు. పావుగంట కాస్తా అరగంటైంది, ఎవరూ గడియారం చూడలేదు. ఆ అమ్మాయిని మాట్లాడమని ఒప్పించడానికే నెలలు పట్టిందని తర్వాత తెలిసింది. చాప్టర్ నడపడమంటే నాకు అర్థమైంది ఇదే. తను మాట్లాడటం కాదు, మాట్లాడనివాళ్ళని బోర్డు దగ్గరికి తీసుకురావడం.

తర్వాత అందరూ ల్యాప్‌టాప్‌లు తెరిచారు. కంపెనీ వైఫై బయటివాళ్ళకి ఇవ్వరు. పెన్‌డ్రైవ్‌ల కట్ట ఎందుకో అప్పుడు తెలిసింది. వాటిలో ఉన్నది జ్యూస్ షాప్. బ్యోర్న్ కిమినిచ్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 2014లో మొదలుపెట్టిన ఓవాస్ప్ ప్రాజెక్టు ఇది. చూడ్డానికి పళ్ళరసాలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. కావాలనే తప్పులతో కట్టారు. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్ళే నడుపుకుని, ఎవరికీ హాని లేకుండా బద్దలు కొట్టి నేర్చుకోవచ్చు.

నేను నల్గొండ కుర్రాడి పక్కన కూర్చున్నాను. చాప్టర్ రెండో లీడర్, ముప్పై ఏళ్ళ అబ్బాయి, వాడి భుజం మీదుగా వంగి నిలబడ్డాడు. కుర్రాడు కొత్త ఖాతా తెరిచి బుట్టలో ఒక రసం వేశాడు. ఎఫ్12 నొక్కి బ్రౌజర్ దాచుకున్న వివరాల్లోకి వెళ్ళాడు. అక్కడ తన బుట్ట నంబర్ 6 అని ఉంది. "దాన్ని మారిస్తే?" అన్నాడు రెండో లీడర్. కుర్రాడు 6 చెరిపి 1 కొట్టి పేజీ రిఫ్రెష్ చేశాడు. బుట్టలో ఆపిల్, నారింజ, ఎగ్‌ఫ్రూట్ రసాలు ప్రత్యక్షమయ్యాయి. వాడివి కావు, దుకాణం అడ్మిన్‌వి. పేజీ పైన ఆకుపచ్చ పట్టీ వచ్చింది, సవాలు ఛేదించావని. కుర్రాడు నవ్వలేదు. "ఇంతేనా అన్నా?" అన్నాడు, గొంతు తగ్గించి.

ఇంతే. లోపలికి వచ్చినవాడు నిజమైన ఖాతాదారేనా అని సర్వర్ చూసింది, అడిగిన బుట్ట అతనిదేనా అని చూడలేదు. హాస్టల్లో ఏ తాళంచెవి పెట్టినా అన్ని గదులూ తెరుచుకున్నట్టు. ఓవాస్ప్ ప్రకటించే పది పెద్ద ముప్పుల జాబితాలో ఈ రకం 2017లో అయిదో స్థానంలో ఉండేది, 2021లో మొదటి స్థానానికి ఎక్కింది. పెద్ద మేధావులు చేసే దాడి కాదిది. ఒక అంకె మార్చడం తెలిస్తే చాలు. అందుకే నాకు భయమేసింది. మన పింఛన్లు, మార్కులు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ ఇలాంటి నంబర్ల వెనకే కదా ఉన్నది.

టీ విరామంలో లీడర్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నారు. "లేదండీ, ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలు కూడా కుదరదు. మీ ఇంజనీర్‌ని పంపించండి, టెక్నిక్ చెప్తే నేనే ముందు కూర్చుని వింటాను. ప్రోడక్ట్ డెమో మాత్రం వద్దు." అందరికీ భోజనాలు పెడతామని ఆ కంపెనీ అంటోందట. పెట్టుంటే బాగుండేది, ఆకలితో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాటి బదులు చాప్టర్‌వాళ్ళు తలా కొంత వేసుకుని తెప్పించిన సమోసాలు వచ్చాయి. నా దృష్టిలో ఆవిడ చేసే పనులన్నిటిలో గొప్పది ఆ ఫోన్‌లో 'వద్దు' అనడం. ఒకసారి డెమోకి చోటిస్తే, వచ్చే నెల ఆ అమ్మాయికి ఇచ్చిన పావుగంట ఎవరో అమ్మకాల మేనేజర్‌కి పోతుంది.

అప్పుడే నల్గొండ కుర్రాడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. చేతిలో టీ కప్పు అలాగే ఉంది, తాగలేదు.

"మేడమ్, ఇందాక చేసింది మా కాలేజీ ఫీజు సైట్‌లో కూడా పనిచేస్తుంది."

ఆవిడ వాణ్ణి కిటికీ పక్కకి తీసుకెళ్ళారు. "ఎంతమందివి చూశావ్?"

"మా ఫ్రెండ్‌ది ఒక్కటే మేడమ్. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చూశా."

"అక్కడితో ఆగావా?"

"ఆగాను."

"స్క్రీన్‌షాట్ ఎక్కడైనా పెట్టావా?"

"క్లాస్ గ్రూపులో పెడదామనుకున్నా. అప్పుడైనా పట్టించుకుంటారని."

"పెట్టకు నాన్నా" అన్నారావిడ. తిట్టలేదు, భయపెట్టలేదు, కానీ విషయం మొత్తం చెప్పారు. ఐటీ చట్టం 2000లో 43వ సెక్షన్ ఉంది, అనుమతి లేకుండా వేరేవాళ్ళ కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్ళడం గురించి. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మంచి మనసుతో తప్పులు వెతికేవాళ్ళకి మన చట్టంలో ప్రత్యేకమైన రక్షణ లేదు. "నీ ఉద్దేశం మంచిదని ఎవరికో రుజువు చేసుకోవాల్సిన అవసరమే రాకూడదు నీకు."

ఈ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. ఇలాంటి లోపం కంటపడ్డ పిల్లలు మన జిల్లాల్లో ఎందరో ఉంటారు. వాళ్ళకి పక్కన కూర్చుని చెప్పే పెద్దమనిషి లేకపోతే ఒకడు భయపడి నోరుమూసుకుంటాడు, ఇంకొకడు గొప్పకి బయటపెట్టి కేసులో ఇరుక్కుంటాడు. లోపం మాత్రం అలాగే ఉంటుంది.

ఉత్తరం వాడిచేతే రాయించారు. కిటికీ గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడే టైప్ చేశాడు. తనెవరో, ఏ పేజీలో, ఏ అంకె మారిస్తే ఏం జరిగిందో, స్నేహితుడి అనుమతితో అతనిది తప్ప ఇంకెవరి వివరాలూ చూడలేదని, కాపీ ఏదీ దగ్గర ఉంచుకోలేదని, సరిచేయడానికి ఏ సాయం కావాలన్నా వస్తానని. 'మీ సైట్ చాలా దారుణంగా ఉంది' అని రాసిన వాక్యాన్ని ఆవిడ కొట్టేయించారు. గడువు పెట్టి బెదిరించినట్టున్న ఇంకో వాక్యాన్నీ తీయించారు. ప్రిన్సిపాల్‌కి, ఫీజు విభాగానికి పంపమన్నారు. జవాబు రాకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ ఉంది, ఇలాంటి లోపాల సమాచారం తీసుకుని సంబంధించినవాళ్ళతో మాట్లాడటం దాని పని. అప్పుడు ఉత్తరం అక్కడికి పంపడానికి తనే సాయం చేస్తానన్నారు.

మధ్యాహ్నం కుర్చీలు సర్దుతూ రెండో లీడర్ నాతో అన్నాడు: "అక్క వచ్చే ఏడు తప్పుకుంటానంటున్నారు. నేను చూసుకోవాలట. హాలు దొరుకుతుంది, వక్తలు దొరుకుతారు. ఇందాక కిటికీ దగ్గర చేశారే, అది నాకింకా రాదు." ఆవిడకి వినపడింది. "నేను మాత్రం పుట్టుకతో నేర్చుకున్నానా? వచ్చే నెల నువ్వు మాట్లాడు పిల్లలతో, నేను పక్కన ఉంటా" అన్నారు. చాప్టర్ ఈమెయిల్ పాస్‌వర్డ్ దగ్గర్నుంచి హాలిచ్చే కంపెనీల్లో ఎవరికి ఫోన్ చేయాలో దాకా ఇద్దరికీ తెలిసేలా ఒక ఫైలులో అప్పటికే రాసిపెట్టారట.

నల్గొండ బస్సు టైమవుతోందని కుర్రాడు బ్యాగు తగిలించుకున్నాడు. ఆవిడ వాణ్ణి ఆపి, వచ్చే నెల వార్తల పావుగంట వాడిదేనని చెప్పారు. వాడు బిత్తరపోయి "ఇంగ్లిష్‌లోనా మేడమ్?" అన్నాడు. తెలుగులోనే చెప్పమన్నారు, భువనేశ్వర్‌వాళ్ళకి మధ్యమధ్యలో తను చెప్తానన్నారు. కాలేజీ సంగతి వాళ్ళు సరిచేసేదాకా ఎత్తకూడదు. దాని బదులు సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు చదివి రావాలి. దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో సంస్థ ఎవరికి ఏమేం చెప్పాలి, కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులవి ఎందుకు దాచాలి అన్నవి. రెండో లీడర్ వాడి నంబర్ తీసుకుని, గేటుకి పంపే జాబితాలో ఈసారి మొదటి పేరుగా ఎక్కించాడు. స్లయిడ్లు ఎన్నుండాలని వాడు అడుగుతుంటే, బోర్డు చాలన్నారావిడ.