ఆ నిశ్శబ్దం ఏమైపోయింది?

ఇవాళ అల్మరా దులుపుతుంటే సూకీ స్టాక్‌హౌస్ సిరీస్ తొమ్మిదో పుస్తకంలోంచి పాత రైలు టికెట్ జారిపడింది.
గుర్తుకి పెట్టుకున్నాను. నలభై పేజీలు కూడా దాటలేదప్పుడు.

మనసు చివుక్కుమంది.

షార్లేన్ హారిస్ 2001లో తెచ్చిన మొదటి పుస్తకం ఒక్క రాత్రిలో చదివేశాను. లూయిజియానాలో చిన్న ఊరు. బార్‌లో పనిచేసే అమ్మాయి, సూకీ. ఎదుటివాళ్ల మనసులో మాటలన్నీ ఆమెకి వినిపించేస్తుంటాయి, వద్దనుకున్నా సరే. ఒక్క రక్తపిశాచి పక్కన ఉన్నప్పుడే నిశ్శబ్దం!
ప్రేమంటే అదే కదా అనిపించింది. ఎంత గొప్ప ఊహో.

తర్వాత తోడేలు మనుషులొచ్చారు. మంత్రగత్తెలు, పిశాచాల రాజులు, వాళ్ల తగువులు, ఆపైన ఫెయిరీల యుద్ధం...
ఆ హోరులో నేను ప్రేమించిన నిశ్శబ్దం ఎక్కడో తప్పిపోయింది.

2013లో పదమూడో పుస్తకంతో కథ అయిపోయింది. చివరి నాలుగూ నేను కొననేలేదు.
సూకీ అంటే ఇష్టం మాత్రం పోలేదు. బాధంతా అందుకే.

చివరిదాకా చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ పిల్లకి మళ్లీ ఆ ప్రశాంతత దొరుకుతుందా?
దొరుకుతుందంటే చెప్పండి, ఈ రాత్రే మళ్లీ మొదలుపెడతాను.