మనల్నెవడు చూస్తడు?

జహీరాబాద్‌లో మా బావ నడిపే అకౌంట్స్ ఆఫీసులో ఐదు కంప్యూటర్లు. నలభై దుకాణాల జీఎస్టీ లెక్కలు వాటిలోని టాలీలోనే ఉంటాయి. ఫైర్‌వాల్ పెట్టమంటే పెట్టాను. పెద్ద పనేం కాదు. ఒక కేబుల్ బయటి నెట్‌కు, ఒకటి లోపలి స్విచ్‌కు. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చడం. లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, బయటివాళ్లు లోపలికి రాలేరు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. "హైదరాబాద్‌ల ఉన్నప్పుడు గూడ టాలీ చూడాలె. ఆ రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు తెరిచిపెట్టు బామ్మర్దీ" అన్నాడు. వద్దన్నాను. "జహీరాబాద్‌ల మనల్నెవడు చూస్తడు?" అని నవ్వాడు.

చూసేది మనిషైతే ఆ మాట నిజమే. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జడ్‌మ్యాప్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. ఇంటర్నెట్‌లోని ఐపీవీ4 పబ్లిక్ చిరునామాలన్నిటినీ ఒక్క కంప్యూటర్‌తో 45 నిమిషాల లోపే తట్టి రావచ్చని చూపించారు. అలా తట్టే యంత్రానికి జహీరాబాద్ అయినా న్యూయార్క్ అయినా ఒకటే. 3389 తెరిచి ఉందా లేదా, అంతే. ఉంటే పాస్‌వర్డ్‌లు వరసపెట్టి కొట్టి చూసే యంత్రం వెనకే వస్తుంది. అది దొరికిందంటే ఫైళ్లకు తాళం, ఆపైన డబ్బులివ్వమని బెదిరింపు.

అందుకే వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టాను. సరైన కీ లేనివాడు తడితే అది జవాబే ఇవ్వదు. బావకు ఫోన్లో ఇంకో బటన్ నొక్కే పని పెరిగింది, విసుక్కున్నాడు.

విసుక్కోనీ. ఆ లెక్కలు ఆయనవి కావు. రిటర్న్ గడువు ముందురోజు వాటికి తాళం పడితే ఆగిపోయేది నమ్మి బిల్లులు తెచ్చిచ్చిన నలభై దుకాణాలు. వాళ్లనెవరూ ఈ పోర్టు తెరవమంటారా అని అడగలేదు.