తొక్కి పట్టుకో

ఉప్పు జాడీలో ఇనప గరిటె పెట్టకూడదని మా అమ్మమ్మకి ఏ కెమిస్ట్రీ పుస్తకమూ చెప్పలేదు. బట్టలారేసే ఇనప తీగకి పాతగుడ్డ చుట్టకపోతే తెల్లచీర మీద ఎర్రగీత పడుతుందనీ, ఆ గీత ఏ సబ్బుకీ వదలదనీ ఆమెకు తెలుసు. కిటికీ ఊచ ముందుగా పుచ్చేది చెక్కలోకి దిగిన చోటేననీ తెలుసు. నెల్లూరు సముద్రతీరంలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టేది అంట్లు తోమి, ఇల్లు తుడిచి, బట్టలారేసే ఆడవాళ్ళే. అయినా ఆ జ్ఞానం గడప దాటి ఒక వాహనం కిందికి వెళ్ళేసరికి 'మీకు తెలీదులెండి' అయిపోతుంది. ఎందుకని?

ఈ ప్రశ్న నాకు ఏ సెమినార్లోనూ ఎదురు కాలేదు. ఒక పాత జీపు కిందికి వంగి చూస్తున్నప్పుడు ఎదురయింది.

జీపు మా నాన్నది. 1990లలో ఈ తీరం పొడుగునా వరిమళ్ళు రొయ్యల గుంటలైన రోజుల్లో, అప్పటికే పాతబడ్డ ఆ డీజిల్ బండి ఉప్పునీటి గట్ల మీద రాత్రింబవళ్ళు తిరిగింది. ఇప్పుడు నా చేతికొచ్చింది. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వైపు పట్టపుపాలేల్లో ఆడవాళ్ళు పని చేసుకుంటూ పాడుకునే పాటలు సేకరించడానికి దాన్నే వాడుతున్నాను. బస్సు వెళ్ళని చోటికి అది వెళ్తుంది.

పోయిన ఏడాది సంక్రాంతి తర్వాత ఇద్దరు ముసలమ్మల్ని నెల్లూరు కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. కాలవ మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. రెండోసారి తొక్కినా అంతే. గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, రోడ్డు పక్క ఇసక దిబ్బలోకి తిప్పితే ఆగింది. హ్యాండ్ బ్రేకుకి ఆ నూనెతో సంబంధం లేదు, అది తీగతో లాగేది. అందుకే మిగిలాం. వెనక కూర్చున్న పెద్దామె కాసేపటికి తేరుకుని, "కట్టు తెగిన తెప్ప మాదిరి పొయ్యిందే తల్లీ" అంది.

అంతకు రెండు నెలల ముందే నెల్లూరులో ఒక పెద్ద గ్యారేజీలో సర్వీసు చేయించాను. కాగితం మీద 'బ్రేకులు ఓకే' అని టిక్కు కూడా ఉంది. మళ్ళీ అక్కడికే తీసుకెళ్తే, బండి నడిపింది నేను, బిల్లు కట్టేది నేను అయినా, "సార్ నంబరు ఇవ్వండి మేడం, ఆయనతో మాట్లాడతాం" అన్నారు. సార్ ఎవరూ లేరని చెప్పాక వాళ్ళు చెప్పిన పరిష్కారం - పుచ్చిపోయిన జానెడు ముక్క కోసేసి, ఫ్రిజ్‌లకి వేసే రాగి గొట్టంతో అతుకు పెట్టడం. "మీకెందుకు మేడం అవన్నీ, నడుస్తాది" అన్నారు.

అవన్నీ నాకెందుకో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మనలో చాలామందిమి ఇప్పుడు బండ్లు నడుపుతున్నాం. వాటి కింద ఏముందో మాత్రం చూడం.

మనం పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్లోని బ్రేకు నూనె సన్నటి ఉక్కు గొట్టాల గుండా నాలుగు చక్రాలకీ ఒత్తిడిని మోసుకెళ్తుంది. ఆ గొట్టం మందం సుమారు 4.75 మిల్లీమీటర్లు, బాల్‌పెన్ను రీఫిల్ కంటే కొంచెం లావు. దాని గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ద్రవం అణగదు కాబట్టి కాలి బలం చక్రం దాకా చేరుతుంది. గాలి అణుగుతుంది. అందుకే గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. నూనె కారిపోతే అసలేమీ మిగలదు. తర్వాత వచ్చిన బండ్లలో ఈ దారిని రెండుగా విడదీశారు, ఒకటి పోయినా రెండోది కొంత పట్టుకుంటుంది. మా జీపులాంటి పాతవాటిలో ఒకటే దారి. ఎక్కడో ఒక చోట సూదిబెజ్జం పడితే నాలుగు చక్రాలూ పోయినట్టే.

ఆ బెజ్జం ఎక్కడ పడుతుంది? గొట్టాన్ని ఛాసిస్‌కి బిగించిన క్లిప్పుల కింద. అక్కడ బురద ఇరుక్కుంటుంది, ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. ఉప్పుకి గాలిలోని నీటిని పీల్చుకునే గుణం ఉంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఆ చోటు పూర్తిగా ఆరదు. కిటికీ ఊచ చెక్కలోకి దిగిన చోట జరిగేదే ఇక్కడా జరుగుతుంది! పైగా మామూలు బ్రేకు నూనె కూడా తేమని పీలుస్తుంది. దాన్ని ఏళ్ళ తరబడి మార్చకపోతే గొట్టం లోపలినుంచీ తుప్పు పడుతుంది.

ఇంధనం గొట్టాలదీ అదే కథ, కాకపోతే ఇంకాస్త మోసంగా ఉంటుంది. ట్యాంకు నుంచి పంపు వరకు డీజిల్‌ని పంపు పీల్చుకుంటుంది. ఆ దారిలో చిన్న బెజ్జం పడితే డీజిల్ బయటకు కారడం కంటే గాలి లోపలికి పోవడం ఎక్కువ. కింద మరక కనబడదు. పొద్దున్నే బండి స్టార్ట్ కాదు, స్టార్టయినా దగ్గుతూ ఆగిపోతుంది. 'ముసలి బండి' అని సరిపెట్టుకుంటాం.

ఇక అతుకు ఎందుకు పనికిరాదంటే, మామూలు రాగి అదుర్లకి క్రమంగా బిరుసెక్కి పగులుతుంది. పైగా జానెడు ముక్క పుచ్చిందంటే అదే బురదలో, అదే ఉప్పుగాలిలో అన్నేళ్ళూ ఉన్న మిగతా గొట్టం బాగుందనుకోవడానికి వీల్లేదు. మార్చితే మొత్తం మార్చాలి. తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు నికెల్ కలిసిన లోహం ఓడల్లో సముద్రపు నీటి గొట్టాలకి వాడతారు. దాంతో బ్రేకు గొట్టాలూ వస్తున్నాయి. స్వీడన్‌లోని వోల్వో కంపెనీ 1970లలోనే వాటిని వాడడం మొదలుపెట్టింది. ఉప్పుగాలిని తట్టుకునేది అదే.

సింథియా కాక్‌బర్న్ లండన్ పత్రికా ముద్రణాలయాల్లో అక్షరాలు కూర్చే కార్మికుల మీద 1983లో 'బ్రదర్స్' అనే పుస్తకం రాసింది. నైపుణ్యం అనేది చేతిలో మాత్రమే ఉండదనీ, ఎవరి పనిని నైపుణ్యం అని పిలవాలో నిర్ణయించే అధికారంలో కూడా ఉంటుందనీ ఆమె వాదన. మోటారు కారు చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైచిలుకు కారులో వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందనీ, బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు కొట్టించిందనీ చెబుతారు. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు అతని వ్యాపారంలో పెట్టిందీ ఆమే. పేటెంటు మాత్రం కార్ల్ బెంజ్ పేరు మీద ఉంది.

మా జీపుని చివరికి బాగుచేసింది మైపాడు రోడ్డులో ఒక రేకుల షెడ్డు. అరవై దాటిన మెకానిక్, ఆయన భార్య. ఆయన బండి కిందికి దూరి చూసొచ్చి, "ఉప్పుగాలి తినేసుండాది మా. అతుకులేస్తే నేను నిద్ర పోలేను" అన్నాడు. కొత్త గొట్టం చుట్ట చెన్నై నుంచి పార్సిల్లో తెప్పించాడు. నాలుగు రోజులు నేను అక్కడే స్టూలు మీద కూర్చుని చూశాను.

ముందు పాత గొట్టాలు విప్పి నేలమీద అదే వంపుతో పరిచారు. బ్లౌజు ముక్కలు కత్తిరించేముందు పాత జాకెట్టు పరిచి కొలిచినట్టు. గొట్టం కోసి, అంచు నునుపు చేసి, ముందు నట్టు ఎక్కించి, ఆ తర్వాతే కొసని వెడల్పు చేయాలి. ఆ కొసని ఒకసారి విప్పి మళ్ళీ లోపలికి మడిచి రెండు పొరలు చేస్తారు. ఒంటి పొర ఆ ఒత్తిడికి చీలిపోతుంది. నట్టు మరిచిపోతే కొస కోసేసి మళ్ళీ మొదలు. నట్లు అందించేదీ, వంపు సరిచూసేదీ, ముడత పడిందేమో వేలితో తడిమి చెప్పేదీ ఆమే.

ఆఖరి పని గాలి తీయడం. ఆమె జీపెక్కి కూర్చుంది. ఆయన అన్నిటికంటే దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రం దగ్గర చేరాడు. "తొక్కు... తొక్కు... తొక్కి పట్టుకో." ఆమె పట్టుకున్నాక ఆయన నిప్పిల్ వదులు చేస్తాడు, నూనెతోపాటు బుడగలు బయటకొస్తాయి, మళ్ళీ బిగిస్తాడు. ఆయన బిగించకముందే ఆమె కాలు ఎత్తిందా, బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. నాలుగు చక్రాలూ అయ్యాక ఆయన "అయిపోయింది దిగు" అన్నాడు. ఆమె దిగలేదు. పెడల్ మీద పాదం అలాగే ఉంచి, "ఇంకా ఉండాది. కుడి వెనకాల చూడు" అంది. ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళి వదులు చేస్తే రెండు బుడగలొచ్చాయి.

ఆమె పాదానికి ఉన్న ఆ తెలివి ముప్పై ఏళ్ళదట. మీరేం పని చేస్తారని అడిగితే మాత్రం "నేనేం చేస్తా మా, ఇంట్లోనే. ఆయనకి కాస్త సాయం" అంది. జీతం లేకుండా కుటుంబ వ్యాపారంలో చేసే పనిని కూడా పనిగానే లెక్కించాలని మన జనాభా లెక్కల నిర్వచనం చెబుతోంది. కానీ లెక్క రాసేవాళ్ళకి ఈ జవాబే అందితే ఆమె ఏ గడిలోకి వెళ్తుంది? వేటకెళ్ళేవాడు మత్స్యకారుడు, ఆ చేపని ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్మే ఆమె మత్స్యకారుడి భార్య. సాహిత్యంలో మనం ఎన్నోసార్లు చర్చించిన విషయమే ఇది. రేకుల షెడ్డులో నూనె మరకలతో కనబడేసరికి నాకు కొత్తగా తగిలింది.

ఈ జిల్లాలోనే 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యతా పాఠంలోని ఒక కథ చదివి సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారా వల్ల సంసారాలు ఏమవుతున్నాయో వాళ్ళకి పాఠం చదవకముందే తెలుసు. పాఠం చేసింది, ఆ తెలిసినదాన్ని అందరి ఎదుటా పెట్టి మాట్లాడుకునే వీలు కల్పించడం. తెలియడానికీ, తెలుసని ఒప్పించుకోవడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్నే పితృస్వామ్యం కాపలా కాస్తుందనుకుంటాను. తొక్కి పట్టుకోవడం ఆమె వంతు. తొక్కిపెట్టడం లోకం వంతు.

బిల్లులో ఆయన గొట్టం, నట్లు, నూనె, లేబర్ అని నాలుగు వరసలు రాశాడు. లేబర్ దగ్గర ఇద్దరి పేర్లూ రాయమని అడిగాను. ఆయన నవ్వి, ఆమె వంక చూశాడు. కాదనలేదు, రాశాడు. ఆమెకి అదంతా చాదస్తంగా అనిపించినట్టుంది.

"పేర్లదేముంది మా. వానలు పొయ్యాక, జనవరిలో ఒకసారి కిందికి వంగి క్లిప్పుల దగ్గర చూసుకో. రెండేళ్ళకోసారి నూనె మార్చు. ముందు అది రాసుకో" అంది.

నా పాటల నోట్సులోనే ఒక కొత్త పేజీ తిప్పి రాసుకున్నాను.